సెట్టింగ్ మార్చే ముందు గడియారం చూడండి

అందరికీ నమస్కారం.

తెర మీద కనిపిస్తున్నది నా పాత ల్యాప్‌టాప్. మీరు లోపలికి వస్తుండగా రీస్టార్ట్ చేసి ఉంచాను. ఇప్పుడు ఇందులో బొమ్మలతో నిండిన ఒక పెద్ద వర్డ్ ఫైల్ తెరుస్తాను. ఎవరైనా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. రెడీయా? నొక్కుతున్నాను. తిరుగుతోంది... ఇంకా తిరుగుతోంది... ఆ, వచ్చింది. సరే, మూసేస్తున్నాను. ఏ సెట్టింగూ ముట్టుకోలేదు, మీరు చూస్తూనే ఉన్నారు. మళ్లీ అదే ఫైల్ నొక్కుతున్నాను. చూశారా, ఈసారి కళ్లు మూసి తెరిచేలోపు వచ్చేసింది.

ఈ రెండింటి మధ్యలో నేను 'స్పీడ్ బూస్టర్' అన్న పేరుతో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ నడిపి ఉంటే, మీలో చాలామంది దాని పేరు రాసుకునేవాళ్లు. రాసుకోవడంలో తప్పు కూడా లేదు. కళ్లెదుటే వేగం పెరిగింది కదా. కానీ జరిగింది వేరు. మొదటిసారి డిస్క్ నుంచి చదివినదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లో, అంటే డిస్క్ కన్నా ఎంతో వేగమైన తాత్కాలిక మెమరీలో, దాచి ఉంచుకుంది. రెండోసారి డిస్క్ దాకా పోయే పనే పడలేదు. దీన్ని ఫైల్ క్యాష్ అంటారు. విండోస్, లినక్స్, మ్యాక్ అన్నీ ఈ పని ఎవరూ అడక్కుండానే చేస్తాయి.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో మార్పులు చేస్తే వేగం నిజంగా పెరుగుతుందా అన్నది మనం మాట్లాడుకోవలసిన విషయం. నా జవాబు ముందే చెప్పేస్తాను. సిస్టమ్ ఏ చోట ఆగుతోందో ఆ చోటును తాకిన మార్పు పనిచేస్తుంది, తాకనిది చేయదు. ప్రచారంలో ఉన్న చిట్కాల్లో ఎక్కువ భాగం దాన్ని తాకనివే. అయినా అవి పనిచేసినట్టు మనకు అనిపిస్తుంది. ఎందుకు అనిపిస్తుందో అర్థమైతేనే వాటిని వదిలేయగలం.

ఒక కారణం ఇప్పుడే చూశారు. రెండోది రీస్టార్ట్. దాదాపు ప్రతి చిట్కా చివర 'సిస్టమ్ రీస్టార్ట్ చేయండి' అని ఉంటుంది. రోజుల తరబడి నడుస్తున్న బ్రౌజర్, మెమరీ పట్టుకుని వదలని ప్రోగ్రామ్, మధ్యలో ఇరుక్కుపోయిన అప్‌డేట్, ఇవన్నీ రీస్టార్ట్‌తో పోతాయి. సిస్టమ్ తేలికపడుతుంది. పేరు మాత్రం చిట్కాకు వస్తుంది.

విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది. ఆ రోజుల్లో ఒక చిట్కా ఊరూవాడా తిరిగింది. మీ ఇంటర్నెట్‌లో 20 శాతం విండోస్ తన కోసం ఆపేసుకుంటుంది, ఫలానా సెట్టింగ్‌ను సున్నా చేస్తే ఆ 20 శాతం మీకు తిరిగి వస్తుంది అని. మైక్రోసాఫ్ట్ దీనికి బహిరంగంగానే వివరణ ఇచ్చింది. ఏదైనా ప్రోగ్రామ్ ప్రత్యేకంగా ప్రాధాన్యం అడిగినప్పుడు మాత్రమే ఆ వాటా లెక్కలోకి వస్తుంది, అది కూడా ఆ ప్రోగ్రామ్ వాడుకోనప్పుడు మిగతావాటికే అందుతుంది. ఇన్నేళ్లయినా ఆ చిట్కా ఇప్పటికీ వీడియోల్లో కనిపిస్తూనే ఉంది.

ఇంకొకటి ఉంది. విండోస్ మొదలయ్యే తీరును మార్చే ఎమ్ఎస్‌కాన్ఫిగ్ అనే టూల్ తెరిచి, బూట్ ఆప్షన్లలో ప్రాసెసర్ల సంఖ్య దగ్గర టిక్ పెట్టి, అన్నిటికన్నా పెద్ద అంకె ఎంచుకోమంటారు. ఆ టిక్ లేనప్పుడే విండోస్ ఉన్న కోర్లన్నీ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలన్నీ) వాడుకుంటుంది. ఆ పెట్టె ఉన్నది సాఫ్ట్‌వేర్ పరీక్షించేవాళ్లు కోర్ల సంఖ్యను తగ్గించి చూసుకోవడానికి. దానితో తగ్గించగలం గానీ పెంచలేం.

విండోస్ తన సెట్టింగులు రాసి పెట్టుకునే చోటును రిజిస్ట్రీ అంటారు. దాన్ని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి డబ్బు పెట్టి కొన్నవాళ్లు నాకు ఎందరో తెలుసు. స్కాన్ చేయగానే ఎర్రటి అక్షరాలతో 'వందల తప్పులు దొరికాయి' అని చూపిస్తుంది. చూడగానే టెన్షన్ వస్తుంది. ఆ 'తప్పులు' ఏమిటి? తీసేసిన ప్రోగ్రాముల తాలూకు మిగిలిపోయిన పేర్లు. రిజిస్ట్రీ అనేది నిఘంటువు లాంటిది. మీకు కావలసిన మాట కోసం నేరుగా ఆ పేజీకి వెళ్తారు. ఎవరూ వాడని మాటలు అందులో ఓ మూడు వందలు ఎక్కువ ఉన్నంత మాత్రాన మీరు వెతికే మాట ఆలస్యంగా దొరకదు. ప్రోగ్రామ్ కూడా తనకు కావలసిన ఎంట్రీని పేరు పెట్టి అడుగుతుంది, మిగతావాటి జోలికి పోదు. లాభం ఇంత తక్కువ, నష్టం మాత్రం పెద్దదే. క్లీనర్ పొరపాటున అవసరమైన ఎంట్రీ తీసేస్తే మళ్లీ విండోస్ ఎక్కించుకోవలసి రావచ్చు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెప్పింది.

ఇక ర్యామ్ క్లీనర్లు. ఇదిగో, ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుకుంటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరుస్తున్నాను. మెమరీ గ్రాఫ్ చూడండి. ఇప్పుడు అలాంటి ఒక టూల్‌లో బటన్ నొక్కుతున్నాను. గ్రాఫ్ ఒక్కసారిగా కిందికి పడిపోయింది. చూడ్డానికి ఎంత బాగుందో! ఇప్పుడు ఇందాకటి నుంచి తెరిచే ఉన్న బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ మీదికి వెళ్తాను. చూశారా, ఒక్క క్షణం తడబడింది. గ్రాఫ్ మళ్లీ పైకి ఎక్కుతోంది.

ఆ టూల్ చేసిందల్లా, నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ మీ దగ్గరున్న మెమరీ పేజీలు వదిలేయండి అని విండోస్ చేత చెప్పించడమే. అవి వదిలాయి. మళ్లీ అవసరం పడగానే ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకున్నాయి, అందులో కొన్ని డిస్క్ నుంచి. అంటే పని తగ్గకపోగా పెరిగింది. ఖాళీ ర్యామ్ ఎక్కువ కనిపిస్తే మనసుకు హాయిగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఖాళీగా ఉన్న ర్యామ్ ఆ సమయంలో మీకు ఏ పనీ చేసి పెట్టదు. ఫోన్‌లో వెనకాల ఉన్న యాప్స్ అన్నిటినీ గంటకోసారి స్వైప్ చేసి మూసేసే అలవాటుకూ ఇదే వర్తిస్తుంది. మూసిన యాప్ మళ్లీ మొదటి నుంచి లేవాలి, దానికి బ్యాటరీ కూడా ఖర్చవుతుంది.

ఈ దారిలో నేను కూడా దెబ్బతిన్నాను. పేజ్ ఫైల్ అంటే ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్ మీద ఉంచుకునే చోటు. దాన్ని తీసేస్తే విండోస్ డిస్క్ జోలికి పోకుండా మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుందని ఎక్కడో చదివి తీసేశాను. రెండు వారాలు అంతా బాగానే ఉంది, వేగం పెరిగిందనే నమ్మాను. ఒక రాత్రి పెద్ద ఫోటో ఫైల్ మీద పనిచేస్తుండగా మెమరీ చాలదని ప్రోగ్రామ్ మూసుకుపోయింది. మూడు గంటల పని పోయింది. ర్యామ్‌లో ఇంకా చోటు ఉన్నా ఇలా ఎందుకు జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. ప్రోగ్రాములు ముందుజాగ్రత్తగా అడిగి పెట్టుకునే మెమరీ మొత్తానికి విండోస్ హామీ ఉండాలి. పేజ్ ఫైల్ లేకపోతే ఆ హామీ ర్యామ్ దగ్గరే ఆగిపోతుంది. ఆ రాత్రి నుంచే నేను కొలవకుండా ఏదీ మార్చడం మానేశాను.

1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న లెక్క ముందుకు తెచ్చాడు. ఒక పనికి పట్టే సమయంలో 5 శాతం తీసుకునే భాగాన్ని మీరు పూర్తిగా మాయం చేసినా, మొత్తం మీద ఆదా అయ్యేది ఆ 5 శాతమే. మిగతా 95 అలాగే ఉంటుంది. విండోస్‌లో సర్వీసులు, అంటే వెనకాల నడిచే చిన్న ప్రోగ్రాములు, ఆపేయడం గురించి ఎవరైనా చెప్పినప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి. ఆపమని చెప్పే సర్వీసుల్లో చాలావాటి ఎదురుగా టాస్క్ మేనేజర్‌లో సీపీయూ సున్నా అని ఉంటుంది. సున్నా తీసుకునేదాన్ని తీసేస్తే ఆదా అయ్యేది కూడా సున్నానే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంటుంది. పైగా నెల తర్వాత ప్రింటర్ పనిచేయకపోతే కారణం ఎవరికీ గుర్తుండదు.

మరి ఆ 95 శాతం ఎక్కడ ఉంటుంది? పాత సిస్టమ్ అయితే నేను మొదట డిస్క్ దగ్గరే వెతుకుతాను. ల్యాప్‌టాప్‌లలో వచ్చే పాత హార్డ్ డిస్క్ లోపలి పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క దాన్ని చదివే సూది కిందికి రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి, అంతకుముందు ఆ సూది సరైన వరుసకు జరగాలి. అంటే అక్కడొకటి ఇక్కడొకటి చదవవలసి వస్తే సెకనుకు వందసార్లు కూడా చదవలేదు. సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు చదవవలసిన చిన్న చిన్న ముక్కలు వేలల్లో ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రబడి కూర్చోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పుడు సీపీయూ దాదాపు ఖాళీగా ఉంటుంది, పాపం దానికి పని అందడం లేదు. చిప్‌లలో సమాచారం దాచే కొత్త రకం డిస్క్ అయిన ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి ఆ ఎదురుచూపు ఉండదు. రిజిస్ట్రీలో ఏ అంకె మార్చినా పళ్లెం తిరిగే వేగం మారదు. అలాంటి సిస్టమ్‌కు డిస్క్ మార్చడం ఒక్కటే అన్ని చిట్కాల పెట్టు.

డీఫ్రాగ్, అంటే డిస్క్ మీద చెల్లాచెదురైన ఫైల్ ముక్కలను ఒకచోట చేర్చడం, దాని సంగతి కూడా ఇక్కడే చెబుతాను. తిరిగే డిస్క్‌కు అది నిజంగా పనికొచ్చేది. విస్టా నుంచి విండోస్ దాన్ని దానంతటదే చేసుకుంటోంది. ఎస్ఎస్‌డీకి అవసరం లేదు, అనవసరంగా రాతలు పెరుగుతాయి అంతే.

సెట్టింగుల్లో నిజంగా ఫలితం ఇచ్చేవి లేవా అంటే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు స్టార్టప్. విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే ట్యాబ్ ఉంది. ఏ ప్రోగ్రామ్ ఎంత భారమో పక్కనే రాసి ఉంటుంది. లాగిన్ అయిన వెంటనే పది ప్రోగ్రాములు ఒకేసారి ఆ నెమ్మది డిస్క్ మీద పడితే, వాటిలో ఏడింటిని ఆపడం కచ్చితంగా తెలుస్తుంది. ఇది సిస్టమ్ ఆగే చోటును తాకే మార్పు. అలాగే ల్యాప్‌టాప్ పవర్ సేవర్‌లో ఉండిపోయి ప్రాసెసర్ వేగం అణిగి ఉంటే, దాన్ని మామూలు మోడ్‌కు తేవడం కూడా తెలుస్తుంది. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని ప్రాసెసర్ వేడెక్కితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు కావలసింది బ్రష్షు, సాఫ్ట్‌వేర్ కాదు.

ఒక చిట్కా గురించి మాత్రం న్యాయంగా మాట్లాడాలి. విండోస్‌లో ఉపమెనూ తెరుచుకునే ముందు కావాలనే 400 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టారు. రిజిస్ట్రీలో దాని పేరు మెనూషోడిలే. దాన్ని తగ్గిస్తే మెనూలు చటుక్కున వస్తాయి. యానిమేషన్లు ఆపేసినా ఇలాగే అనిపిస్తుంది. లెక్కలు వేసే వేగం ఇసుమంతైనా పెరగదు, వీడియో ఎగుమతికి ముందు ఎంత పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. కానీ రోజంతా సిస్టమ్ ముందు కూర్చునే మనిషికి ఎదురుచూపు తగ్గింది. అది కూడా లాభమే అని నేను నమ్ముతాను. ఏ లాభమో తెలిసి చేసుకుంటే చాలు.

లినక్స్ వాడేవాళ్లకు రెండు మాటలు. ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీదికి ఎంత త్వరగా తోయాలో చెప్పే స్వాపీనెస్ అనే అంకె మామూలుగా 60 ఉంటుంది, దాన్ని 10 చేయమని అందరూ చెబుతారు. ర్యామ్ నిండని సిస్టమ్‌లో ఆ అంకె ఎంత ఉన్నా మీకు తేడా తెలియదు. ఫైల్ చదివిన ప్రతిసారీ టైమ్ రాయకుండా నోఎటైమ్ పెట్టడం ఒకప్పుడు మంచి సలహా. 2009లో వచ్చిన లినక్స్ కెర్నల్ (మూల భాగం) 2.6.30 నుంచి ఆ రాతలను చాలావరకు తగ్గించే పద్ధతే డిఫాల్ట్ అయింది.

వేగం నిజంగా పెంచి, బదులుగా పెద్ద మూల్యం అడిగేవి కొన్ని ఉన్నాయి. నాకు అసలు భయం వీటి గురించే. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. వాటికి వేసిన రక్షణలు కొన్ని పనులను నెమ్మది చేశాయి. లినక్స్‌లో ఒక్క మాటతో ఆ రక్షణలన్నీ తీసేయవచ్చు. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణను ఆపితే గేముల్లో వేగం పెరగవచ్చని, భద్రత తగ్గుతుందని మైక్రోసాఫ్టే చెబుతోంది. గేముల కోసమే పక్కన పెట్టిన సిస్టమ్ అయితే ఆలోచించుకోవచ్చు. బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో వద్దు. ఇక వేగం కోసం అప్‌డేట్లు ఆపేయడం, ఇది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. 2017 మే నెలలో వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసేసింది. అది వాడుకున్న లోపానికి మందు ఆ మార్చిలోనే అప్‌డేట్‌గా వచ్చింది. వేసుకున్నవాళ్ల సిస్టమ్‌లోకి ఆ దారిన రాలేకపోయింది.

కొలవడం కష్టమని అనుకోకండి. మీరు రోజూ చేసే పని ఒకటి తీసుకోండి. రీస్టార్ట్ చేయండి, రెండు నిమిషాలు ఆగండి, ఆ పనికి ఎంత పట్టిందో రాసుకోండి. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ రీస్టార్ట్‌తో. తర్వాత ఒక్కటంటే ఒక్క మార్పు చేసి మళ్లీ మూడుసార్లు. మార్పు ముందు మూడు అంకెల మధ్య ఉన్న తేడా కన్నా మార్పు వల్ల వచ్చిన తేడా పెద్దదైతే ఉంచుకోండి. లేకపోతే వెనక్కి మార్చేయండి. ఒకేసారి ఇరవై మార్పులు చేసే టూల్‌తో ఇది కుదరదు, ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో తెలిసే దారే ఉండదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఒక పని చేయండి. విండోస్ అయితే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి, సీపీయూ నొక్కి, కింద 'అప్ టైమ్' అన్నది చదవండి. మీరు రాత్రి షట్‌డౌన్ చేసే ఉంటారు. అయినా అక్కడ రోజుల లెక్క కనిపించవచ్చు, కంగారు పడకండి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా ఆపకుండా డిస్క్‌లో భద్రపరిచి, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. పూర్తిగా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే.

ఆ అంకె పది రోజులు దాటినవాళ్లు చేతులెత్తండి. చాలానే ఉన్నాయి. ఇప్పుడే రీస్టార్ట్ నొక్కేయండి. అది లేచేలోపు మీ ప్రశ్నలు తీసుకుంటాను.