పానా పట్టుకునే ముందు ఏం అడిగాడు?

అందరికీ నమస్కారం. స్టేజి మీదున్న పెద్దలకి, ఈ మీటింగు పెట్టిన క్లబ్బు వాళ్లకి, పొద్దున్నే లేచి సైకిళ్ల మీదే ఇక్కడిదాకా వచ్చిన మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలున్నాయి. నాకిచ్చిన టాపిక్కు, కొత్త ఊరికి మారినప్పుడు మంచి సైకిల్ షాపు ఎలా వెతుక్కోవాలి అని. 20 నిమిషాలు టైమిచ్చారు. రాత్రి కూర్చుని ఏడు పాయింట్లు రాసుకున్నాను, కాగితం ఇదిగో జేబులోనే ఉంది, కానీ అందులో మొదటిది చెప్పకుండా మిగతావి చెప్పబుద్ధి కావట్లేదు, అందుకని దాంతోనే మొదలుపెడతాను.

ముందు ఒక మాట. ఈ ఏడాదిలో ఊరు మారినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. మూడో వరసలో అమ్మా, మీ సైకిల్ ఎలా వచ్చింది, తొక్కుకుంటూ రాలేదు కదా? అట్టపెట్టెలోనా. సరే, గుర్తుపెట్టుకుంటాను, చివర్లో మీతో పనుంది.

నాదీ అట్టపెట్టెలోనే వచ్చింది. ఆరేళ్లయింది. ముందు చక్రం తీసి, పెడళ్లు విప్పి, హ్యాండిల్ తిప్పి, బట్టలు కుక్కి జాగ్రత్తగానే ప్యాక్ చేశాను. కొత్తింట్లో దించాక నేనే బిగించుకున్నాను. తొక్కితే గేర్లు సరిగ్గా పడట్లేదు. ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు చైను టక్కుమని జారుతోంది, కాలు ఒక్కసారిగా గాల్లోకి పోతున్నట్టుంటుంది చూడండి, అలా. ఊరు కొత్త, ఎవరూ తెలీదు. దగ్గర్లో పెద్ద అద్దాల షాపు ఒకటి కనపడితే లోపలికెళ్లాను. గేర్లు పడట్లేదండీ అన్నాను, అంతే, నా మాట పూర్తవ్వనే లేదు, చైను అరిగిపోయింది సార్ మార్చాలి అన్నాడు. మార్చాడు. రెండ్రోజులకి మళ్లీ అదే. మళ్లీ వెళ్తే క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి, అది కూడా అరిగింది, కొత్త చైనుకి పాత క్యాసెట్ సెట్టవ్వదు అన్నాడు. అది నిజమే, చాలా అరిగిన పళ్ల మీద కొత్త చైను జారుతుంది, అందుకే నమ్మాను. మార్చాడు. మళ్లీ అదే. మూడోసారి కేబులూ, కేబులు పైన తొడుగూ. మూడుసార్లలో ఒక్కసారి కూడా ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది అని అడగలేదండీ. ఒక్కసారి కూడా.

తర్వాత ఒకరోజు సాయంత్రం ఎత్తు ఎక్కుతున్నాను. వెనక సీట్లో మా పాప ఉంది, అప్పటికి నాలుగేళ్లు. బరువుగా ఉందని అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదకి వేశాను. టిక్ టిక్ టిక్ అని శబ్దం. పాప, నాన్నా అదేంటి, గడియారమా అంది. ఆపి దిగి చూస్తే డిరైలర్, అంటే చైనుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపే భాగం, దాని చివర వెనక చక్రం పుల్లలకి తగులుతోంది. తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, తెలీనివాళ్ల కోసం చెప్తాను, ఇంకొంచెం లోపలికి పోతే డిరైలర్ పుల్లల్లో ఇరుక్కుంటుంది, వెనక చక్రం అక్కడికక్కడ బిగుసుకుపోతుంది. పిల్లతో సహా కిందపడేవాళ్లం. ఆ టిక్ టిక్ నాకు ఇప్పటికీ వినపడుతుంది.

పాపని నడిపించుకుంటూ, సైకిల్ తోసుకుంటూ వస్తుంటే, వెనక పెద్ద డబ్బా కట్టుకుని డెలివరీలు చేసే కుర్రాడొకడు ఆగాడు. ఏమైంది అన్నా అని అడిగి, నేను నా బండి ఫలానా చోట చూపిస్తాను అని దారి చెప్పాడు. చిన్న సందు, బోర్డు కూడా లేదు. ఒక పెద్దాయన. నేను గేర్లు పడట్లేదు అన్నాను, అప్పటికి బాగా విసిగిపోయి ఉన్నాను. ఆయన పానా ముట్టుకోలేదు. ఎప్పట్నుంచి బాబూ అన్నాడు. అంతకుముందు బాగానే ఉండేదా అన్నాడు. మధ్యలో ఏం జరిగింది, కింద పడిందా, ఎక్కడికైనా పంపించారా అన్నాడు. అట్టపెట్టెలో వచ్చిందండీ అన్నాను. ఆ ఒక్క మాటకి ఆయన వెళ్లి సైకిల్ వెనకాల గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి చూసి, రండి, మీరూ ఇలా కూర్చుని చూడండి అన్నాడు. చూశాను. డిరైలర్ కింద రెండు చిన్న చక్రాలుంటాయి కదా, జాకీ వీల్స్, అవి పళ్లచక్రంతో ఒకే గీతలో నిలువుగా ఉండాలి, నావి లోపలికి ఒరిగిపోయున్నాయి. మామూలు కంటికి కనపడుతోంది. మూడుసార్లు ఇచ్చిన షాపులో ఎవరూ వెనక కూర్చుని చూడలేదన్నమాట.

అలా ఒరగడానికి కారణం, హ్యాంగర్ అనే ముక్క వంగడం. ఫ్రేముకీ డిరైలర్‌కీ మధ్య ఉండే చిన్న అల్యూమినియం ముక్క. కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే అది వంగాలి, ఫ్రేము బతకాలి అని. పెట్టె ఎవరో కుడివైపుకి పడేసుంటారు, వంగింది. ఆయన డిరైలర్ విప్పి ఆ చోట ఒక గేజు బిగించాడు, పొడుగు కడ్డీ ఉంటుంది దానికి, దాన్ని రిమ్ము చుట్టూ నాలుగు చోట్ల పెట్టి దూరం సమానంగా వచ్చేదాకా వంచాడు. 10 నిమిషాలు. పాప ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూసింది. ఆ తర్వాత గేర్లు వెన్నలా పడ్డాయి.

నేను డబ్బుల గురించి మాట్లాడట్లేదు, డబ్బులు పోతే పోయాయి. నా పాత చైను నాకివ్వలేదు. అడిగితే పారేశాం అన్నారు. అది నిజంగా అరిగిందో లేదో నాకు ఈరోజుకీ తెలీదు. ఆరేళ్లయినా ఈ కోపం ఎందుకంటే, వాళ్ల చేతుల్లోంచి వచ్చిన బండి మీద నా కూతుర్ని ఎక్కించుకున్నాను. అందుకని నా ఏడు పాయింట్లలో మొదటిది ఇదే, షాపు ఎంత పెద్దదో చూడకండి, పానా పట్టుకునే ముందు ఏం అడిగాడో వినండి. ఏం అడిగాడు? ఎప్పట్నుంచి అని అడిగాడా? అంతే.

ఒకరు అడుగుతున్నారు, ఆ కాస్త వంపుకే అంత తేడానా అని. మంచి ప్రశ్న. పాతకాలంలో గేరు మీట ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకునేవాళ్లు, చైను సరిగ్గా కూర్చుందో లేదో చెవితో విని చేత్తో సర్దుకునేవాళ్లు. 1984లో సైకిల్ సామాను చేసే షిమానో కంపెనీ వాళ్లు తమ గేర్ల సెట్టు డ్యూరా-ఏస్‌లో ఎస్ఐఎస్ అనే పద్ధతి తెచ్చారు, అప్పట్నుంచి క్లిక్కు నొక్కితే గేరు పడటం మామూలైపోయింది. క్లిక్కు లెక్క ప్రకారం కదులుతుంది, మన చెయ్యి సర్దేది ఏమీ ఉండదు. 11 స్పీడు, అంటే 11 పళ్లచక్రాలున్న క్యాసెట్‌లో ఒక పళ్లచక్రానికీ పక్కదానికీ మధ్య దూరం 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మరి హ్యాంగర్ కాస్త వంగితే తేడా రాదూ? అందుకే చెప్తున్నా, పెట్టెలో, లారీలో, విమానంలో వచ్చిన సైకిల్‌కి గేర్లు పడకపోతే ముందు అనుమానించాల్సింది హ్యాంగర్‌ని. మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఇంకోటి కొని బ్యాగులో పడేసుకోండి, ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, దారిలో విరిగితే అప్పటికప్పుడు దొరకదు.

సైకిల్ మెకానిక్ అంటే చులకనగా చూసేవాళ్లకి ఒక సంగతి చెప్పాలనుంది, టాపిక్కు కాదు, అయినా చెప్తాను. రైట్ బ్రదర్స్ అమెరికాలో డేటన్‌లో 1892లో సైకిల్ షాపు పెట్టారు, 1896 నుంచి సొంతంగా సైకిళ్లు తయారుచేశారు. 1903లో ఎగిరిన విమానానికి ఇంజన్ చేసింది ఎవరు? వాళ్ల షాపులో పనిచేసిన మెకానిక్ చార్లీ టేలర్, దాదాపు ఆరు వారాల్లో. ఆ ఇంజన్ నుంచి ప్రొపెల్లర్లకి శక్తి వెళ్లింది దేంతో అనుకుంటున్నారు? చైన్లతో, పళ్లచక్రాలతో. రెండు ప్రొపెల్లర్లూ ఎదురెదురు దిక్కుల్లో తిరగాలని ఒక చైనుని ఎనిమిది అంకెలా మెలితిప్పారు. చేతులకి నల్లటి మడ్డి అంటుకున్నవాళ్ల బుర్ర అది. నాకు హ్యాంగర్ సరిచేసిన పెద్దాయన చేతులు కూడా అలాగే ఉంటాయి, అందుకే ఇక్కడ ఆ పేరు తలుచుకున్నాను.

సరే, కాగితంలోకి వస్తాను. కొత్త ఊళ్లో బండి చెడిపోయేదాకా ఆగకండి. చెడిపోయాక ఏ షాపు దొరికితే అదే అవుతుంది మనకి, నాకలాగే అయింది. దిగిన మొదటివారంలోనే ఏదో చిన్న పని పెట్టుకుని వెళ్లండి. పంచరుంటే ఇంకా మంచిది. పంచరు వేసేటప్పుడు ఆ మనిషి ట్యూబు మార్చేసి చేతులు దులుపుకుంటాడా, టైరు లోపల వేళ్లతో తడిమి గుచ్చుకున్న ముల్లో తీగో ఇంకా ఉందేమో వెతుకుతాడా? వెతికినవాడు మంచి మెకానిక్. ఇంకా మంచివాళ్లు ట్యూబులో చిల్లు ఏ చోట ఉందో టైరు పక్కన పెట్టి చూస్తారు, ఎదురుగా టైర్లో అక్కడే ఉంటుంది కదా దొంగ.

టైరు అడిగితే సైజు ఎలా చూస్తాడో చూడండి. 26 అంగుళాలు అని చెప్తే 26 ఇచ్చేవాడు ఒకడు, టైరు పక్కన అచ్చేసిన నంబరు చదివేవాడు ఇంకొకడు. 26 అని పిలిచే టైర్లలో రిమ్ము కొలత మిల్లీమీటర్లలో 559 ఉన్నవీ ఉన్నాయి, 590 ఉన్నవీ ఉన్నాయి, ఒక రిమ్ముకి చేసింది ఇంకోదానికి ఎక్కదు. అదే రోడ్డు సైకిళ్లకి 700సి అన్నా, కొండల సైకిళ్లకి 29 అన్నా రిమ్ము లెక్కలో 622 ఒకటే. ఆ మూడంకెల నంబరు చూసి మాట్లాడేవాళ్ల దగ్గర మీకు తప్పు సామాను రాదు.

హైడ్రాలిక్, అంటే లోపల ఆయిల్ ఒత్తిడితో పనిచేసే బ్రేకులున్నవాళ్లు తప్పకుండా ఒక ప్రశ్న అడగండి, ఏ ఆయిల్ పోస్తారు అని. షిమానో వాటికి మినరల్ ఆయిల్, శ్రామ్ అనే ఇంకో కంపెనీ వాళ్ల చాలా మోడళ్లకి డాట్ ఫ్లూయిడ్ అనే వేరే రకం. ఒకదాంట్లో రెండోది పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి, బ్రేకు పోతుంది. ఏదైనా ఒకటే సార్ అన్నాడా, నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి, మీ బండిని కూడా తీసుకుని.

చైను సంగతి. ఇది నా కోసం కూడా చెప్పుకుంటున్నా, ఆరోజు తెలిసుంటే ఆ మొదటి షాపులోనే అడిగేవాణ్ని. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి అర అంగుళం, అంటే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఇంట్లో స్కేలుంటే చాలు. 12 దాటి అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే చైను మార్చే టైమొచ్చింది, ఎనిమిదో వంతు వచ్చిందంటే క్యాసెట్ కూడా పోయి ఉండొచ్చు. మంచి షాపులో గేజు పెట్టి మీకు చూపించి మరీ చెప్తారు. మార్చిన పాత సామాను మీ చేతికి ఇవ్వమని ముందే చెప్పండి. ముందే. తర్వాత అడిగితే పారేశాం అంటారు.

ఇంకోటి, ఇది కాగితంలో లేదు. మా చెల్లెలు నాకంటే బాగా సైకిల్ తొక్కుతుంది, తన బండి తనే విప్పి బిగించుకుంటుంది. ఒక షాపుకి తనతో నేను వెళ్తే, బ్రేకు గురించి అడిగింది తను, ఆ మనిషి జవాబు చెప్పింది నాకు. మళ్లీ అడిగితే మళ్లీ నా వైపే చూసి చెప్పాడు. తను ఏమీ అనకుండా సైకిల్ తిప్పుకుని బయటికి వచ్చేసింది. ఇక్కడున్న ఆడపిల్లలందరికీ చెప్తున్నాను, మీ బండి గురించి మీ మొహం చూసి మాట్లాడని షాపుకి రెండోసారి వెళ్లొద్దు, పని ఎంత బాగా చేసినా సరే. అన్నదమ్ములు, భర్తలు, అలాంటప్పుడు పక్కకి జరగండి, జవాబు ఇవ్వకండి.

ఎవర్ని అడగాలి అంటారా? రోజూ తొక్కక తప్పనివాళ్లని. డెలివరీ కుర్రాళ్లకి బండి ఒకరోజు ఆగితే ఆరోజు సంపాదన పోతుంది, బండి పాడుచేసిన చోటికి వాళ్లు రెండోసారి వెళ్లరు. క్లబ్బుల్లో అడగండి, కానీ ఏ షాపు మంచిది అని కాదు, నీ బండి చక్రం బెండు ఎవరు తీశారు, ఎన్నాళ్లు నిలిచింది అని అడగండి. బెండు తీయడం అంటే పుల్లల బిగువు అన్నివైపులా సమానం చేయడం, హడావుడిగా తీస్తే వారానికే మళ్లీ ఆడుతుంది.

మన వైపు నుంచి కూడా కొంత ఉంది. బురద బండి అలాగే తీసుకెళ్లి స్టాండు మీద పెట్టకండి, కడిగి తీసుకెళ్లండి. చైను మార్చు అని చెప్పకండి, ఎత్తులో జారుతోంది అని చెప్పండి, రోగం చెప్పండి, మందు ఆయన్ని చెప్పనివ్వండి. సెలవురోజు సాయంత్రం రద్దీలో వెళ్లి శ్రద్ధగా చూడలేదని బాధపడొద్దు, మామూలు రోజు పొద్దున వెళ్లండి. సామాను బయట కొని తీసుకెళ్తే బిగిస్తారా అని ముందు అడగండి. కూలి దగ్గర మాత్రం బేరమాడకండి, దయచేసి. నా హ్యాంగర్‌కి పట్టింది 10 నిమిషాలే, కానీ ఆ ఒక్క కన్ను మూసి చూడటం నేర్చుకోడానికి ఆయనకి ఎన్నేళ్లు పట్టిందో ఆలోచించండి.

టైమైపోయిందని చీటీ ఇచ్చారు, ఎడమ పెడల్ మరలు ఎందుకు రివర్సులో ఉంటాయో చెప్దామనుకున్నా, ఎడమది బిగించాలంటే అపసవ్యంగా తిప్పాలి అన్నంతవరకు గుర్తుంచుకోండి, బలవంతం చేస్తే క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, పోతుంది. బయట చెట్టు కింద స్టాండు పెట్టించాం, హ్యాంగర్ గేజు నా బ్యాగులో ఉంది. మూడో వరస అమ్మా, అట్టపెట్టెలో వచ్చింది అన్నారు కదా, ముందు మీ సైకిలే చూద్దాం. గేర్లు ఎప్పట్నుంచి ఎలా పడుతున్నాయో బయటికి నడుస్తూ చెప్పండి.