ఎర్రగుడిలో ఉన్నదీ, ధౌళిలో లేనిదీ

సభకు నమస్కారం.

జాతిసంహారం గురించి నల్లగొండలో మాట్లాడతానన్నప్పుడు, అది యూరప్ సంగతి కదా అని ఒక మిత్రుడు అన్నారు. మనందరికీ అలాంటి ధీమా ఒకటి ఉంది. కానీ మూకుమ్మడి హత్యలకు మన పత్రికలు వాడే రెండు మాటలను కాస్త ఆగి చూడండి: నరమేధం, మారణహోమం. ఒకటి మేధం, ఇంకొకటి హోమం. రెండూ యజ్ఞశాల నుంచి వచ్చిన మాటలే. ఒక జాతిని తుడిచిపెట్టడానికి పూనుకున్నవాడు తాను నేరం చేస్తున్నాననుకోడు, క్రతువు చేస్తున్నాననుకుంటాడు. ఈ సంగతి మన భాషకు ముందే తెలిసినట్టుంది.

మహాభారత కథకు నేపథ్యమే అలాంటి ఒక క్రతువు. పరీక్షిత్తును కాటువేసింది తక్షకుడొక్కడే. అతని కొడుకు జనమేజయుడు తలపెట్టింది మాత్రం మొత్తం సర్పజాతి వినాశం. ఉదంకుడు తన సొంత పగ తీర్చుకోవడానికి రాజును ఎగదోశాడన్న సంగతిని కూడా కథ దాచలేదు. అయినా ఆ యాగానికి శాస్త్రపరంగా లోటేమీ లేదు. రాజు కులీనుడు, ఋత్విజులు వేదవిదులు, మంత్రాలు తప్పు పోలేదు కనుకనే పాములు గుంపులు గుంపులుగా వచ్చి అగ్నిలో పడ్డాయి. అంతమంది పండితులున్న ఆ సభలో యాగాన్ని ఆపించింది ఆస్తీకుడు. అతని తండ్రి బ్రాహ్మణ ముని, తల్లి నాగకన్య. మనవాళ్ళనీ పరాయివాళ్ళనీ గీసిన గీతకు రెండు పక్కలా చుట్టాలున్నవాడు అతడే.

ఇప్పుడు ఆ యాగశాలను వదిలి జర్మనీలోని వైమార్ పట్టణానికి వద్దాం. కాళిదాసు శాకుంతలాన్ని చదివి పరవశించిపోయిన మహాకవి గేటే అక్కడే నివసించాడు. ఆ ఊరికి దాదాపు 8 కిలోమీటర్ల దూరంలో, ఎటర్స్‌బర్గ్ గుట్ట మీద, 1937లో నాజీలు బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం కట్టారు. అడవి కొట్టేటప్పుడు ఒక ఓక్ చెట్టును మాత్రం వదిలేశారు. ఖైదీలు దాన్ని గేటే చెట్టు అని పిలుచుకున్నారు. ఆ శిబిరంలో సుమారు 56 వేల మంది చనిపోయారు. చెట్టు 1944 బాంబు దాడిలో కాలిపోయింది, మొదలు మాత్రం ఇప్పటికీ ఉంది. కవిత్వం మీద గౌరవమూ కరెంటు తీగల కంచే ఒకే గుట్ట మీద ఇమిడిపోయాయంటే, సంస్కారం మనిషిని దానంతటదే కాపాడుతుందన్న నమ్మకాన్ని మనం వదులుకోక తప్పదు. 1942 జనవరి 20న, యూరప్ యూదులందరినీ అంతం చేసే పనిని ఏయే శాఖలు ఎలా పంచుకోవాలో తేల్చడానికి బెర్లిన్ శివారులోని వాన్‌సీలో సమావేశమైన 15 మందిలో 8 మంది డాక్టరేట్లు పొందినవాళ్ళు. గంటన్నరలో సమావేశం ముగిసింది. చదువుకుంటే మనిషి మారతాడని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులం మేము, ఈ సంఖ్య దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పడిపోతుంది.

ఈ నేరానికి అప్పటికింకా పేరు కూడా లేదు. పేరు పెట్టినవాడు రఫాయెల్ లెమ్కిన్ అనే పోలిష్ యూదు న్యాయవాది, 1944లో. తాను విద్యార్థిగా ఉన్నప్పుడు, ఒక మనిషిని చంపితే నేరమైనప్పుడు, లక్షలాది ఆర్మీనియన్లను చంపించిన పాలకుణ్ణి ఎందుకు పట్టుకోరని ఆచార్యుణ్ణి అడిగానని ఆయన రాసుకున్నాడు. రైతు తన కోళ్ళను తాను కోసుకుంటే అడ్డుపడడానికి నువ్వెవరివని ఆ ఆచార్యుడు ఎదురడిగాడట. దేశ సార్వభౌమత్వం అన్న గంభీరమైన ఆదర్శం వెనుక ఈ కోళ్ళగూడు ఉంది. లెమ్కిన్ పట్టుదల వల్లనే 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతిసంహార నిరోధక ఒప్పందాన్ని ఆమోదించింది. జాతిని గానీ, తెగను గానీ, మతవర్గాన్ని గానీ పూర్తిగానో పాక్షికంగానో నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువైతేనే అది ఈ నేరం కిందికి వస్తుంది. భారతదేశం దాన్ని 1959లో ధ్రువీకరించింది. ప్రత్యేక చట్టం మాత్రం ఇంకా చేయలేదు. ఒప్పందం ఉన్నా 1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. బెల్జియం పాలకులు ప్రవేశపెట్టిన గుర్తింపు కార్డులో తెగ పేరు రాసి ఉండేది, దారికాచిన వాళ్ళకు ఆ కార్డు చూస్తే సరిపోయింది.

అయితే ఒక నాగరికత ఆదర్శాలకు అసలు పరీక్ష చంపుతున్న రోజుల్లో కంటే ఆ తరువాతే ఎదురవుతుందని నేను అనుకుంటాను. చేసిన పనిని, నష్టపోయినవాళ్ళు చదువుకోగలిగే చోట రాసిపెట్టగలమా అన్నదే ఆ పరీక్ష. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో కళింగ యుద్ధం గురించి చెబుతూ లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తరువాత చనిపోయారనీ లెక్క చెప్పి పశ్చాత్తాపం ప్రకటించాడు. గెలిచిన రాజు ఓడినవాళ్ళ శవాలను లెక్కపెట్టి దుఃఖించడం ప్రపంచ చరిత్రలో అరుదు. ఆ శాసనం కృష్ణా తుంగభద్రలకు అవతల, మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. కానీ కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడలలో అది లేదు. అక్కడ దాని స్థానంలో, మనుషులందరూ నా బిడ్డలేనని చెప్పే వేరే శాసనాలు చెక్కించాడు. దెబ్బ తిన్నవాళ్ళకు ఆదర్శం వినిపించాడు, లెక్క మాత్రం దూరపు వాళ్ళకు చెప్పాడు. అశోకుణ్ణి తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. అంతటివాడికే అది చేతకాలేదని అంటున్నాను.

ఇక మన దగ్గరికి వస్తాను. విజయవాడ రోడ్డు మీద గుండ్రాంపల్లి దాటేటప్పుడు రజాకార్లు చేసిన హత్యలు మనకు గుర్తుకొస్తాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన కాల్పుల గురించి మన ఇళ్ళల్లో కథలు కథలుగా చెప్పుకున్నారు. చెప్పుకోవలసిందే. అదే సంవత్సరం సెప్టెంబరులో, భారత సైన్యం హైదరాబాదు సంస్థానాన్ని స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య ముగిసిన తరువాత ఏం జరిగిందో అంతగా చెప్పుకోలేదు. ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ బృందం నవంబరు చివర హైదరాబాదుకు వచ్చి, డిసెంబరు మూడో వారం దాకా జిల్లాలు తిరిగింది. చాలా తక్కువగా వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని నివేదిక ఇచ్చింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయాయి. చనిపోయినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఆ బృందం ఇంకా తిరుగుతున్న రోజుల్లోనే పారిస్‌లో జాతిసంహార ఒప్పందం ఆమోదం పొందింది. నివేదిక మాత్రం దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు.

ఆ హత్యలు చట్టం దృష్టిలో జాతిసంహారమా కాదా అన్నది ఉద్దేశాన్ని తేల్చవలసిన వేరే చర్చ, ఈ వేదిక మీద నేను తీర్పు చెప్పను. కానీ అక్కడ పనిచేసిన తర్కం సర్పయాగ తర్కమే. రజాకారు చేసిన పాపం దూది ఏకేవాడి మీదా, గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగేవాడి మీదా పడింది. సెప్టెంబరు 17ను విమోచనమనాలా, విలీనమనాలా, సమైక్యతా దినమనాలా అని మనం ఏటా వాదులాడుకుంటాం. ఆ వాదన ఎంత పెద్దదంటే, దాని చప్పుడులో ఆ 27 వేల మంది ఊసే వినబడదు. లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసి మెట్లెక్కుతారని గర్వంగా చెప్పుకునే మనం, ఈ సంగతిని ఆ గర్వం సరసనే ఉంచి మాట్లాడుకోవడానికి ఎందుకో జంకుతాం.

ఆ నివేదికలో ఇంకొక సంగతి ఉంది. ఒకే వృత్తి చేసేవాళ్ళ మధ్య ఆత్మీయత ప్రత్యేకంగా కనిపించిందనీ, కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళను హిందువుల దాడి నుంచే కాపాడారనీ, ఆ ప్రయత్నంలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారనీ ఆ బృందం రాసింది. వేద పండితులున్న యాగశాలలో ఆస్తీకుడు చేసిన పని ఇది. వీళ్ళకు శాస్త్రం ఎంత తెలుసో నాకు తెలియదు. పక్క మగ్గం మీద కూర్చున్నవాడి పడుగూ, పేకా, వాడి అప్పూ, సావుకారు దగ్గర వాడు పడే మాటలూ మాత్రం వీళ్ళకు తెలుసు.

ఆ వాక్యంలో వాళ్ళ పేర్లు లేవు. పోచంపల్లి, పుట్టపాక, చండూరు వైపు చిటికి కట్టే ఇళ్ళ పిల్లలు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మీ తాతలు, నానమ్మలు ఆ ఏడాది గురించి ఏం చెప్పేవారో, ఏది చెప్పకుండా దాటేసేవారో మీలో ఎవరైనా చెబితే, మిగిలిన సమయం వినడానికే పెట్టుకున్నాను.