బడ్జెట్ పుస్తకంలో మొదటి కాలమ్

శ్రోతలందరికీ నమస్కారం.

విజయవాడలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల, ప్రజల సొమ్ముతో కట్టిన కొట్లు కొన్ని ఉన్నాయి. ఎవరు కట్టించారో, ఏ పేటో చెప్పను. వరసగా తొమ్మిది షట్టర్లు. చిన్న వ్యాపారులకు నీడ దొరుకుతుందని, పేటలో బేరాలు పెరుగుతాయని కట్టారు. తెరిచి ఉన్నవి రెండే, మిగతా ఏడింటికీ తాళాలు. ఒక షట్టర్ అడుగున తుప్పు పట్టి, చెయ్యి తగిలితే పొడి రాలుతోంది. దాని ముందే గోనెపట్టా పరుచుకుని ఒకామె గోంగూర, మునక్కాయలు, నిమ్మకాయలు అమ్ముతుంది. ఎండకి గొడుగు కావాలి కదా, ఆ గొడుగు కర్రని తాడుతో షట్టర్ తాళానికే కట్టుకుంది.

“ఈ కొట్టే తీసుకోవచ్చుగా?” అని అడిగాను ఒకరోజు.

“వేలంలో గుడ్‌విల్ ఎంత పెట్టాలో తెలుసా అమ్మా? అంత డబ్బుంటే ఈ గోంగూరెందుకు? అద్దె నెలనెలా కట్టగలను. ముందే లక్షలు ఎక్కణ్ణుంచి తేను?” అంది. గుడ్‌విల్ అంటే కొట్టు దక్కాలంటే అద్దె కాక ముందే కట్టాల్సిన మొత్తం.

నాకు ఆ మాట వదల్లేదు. ఎందుకంటే లెక్కల్లో ఆ కొట్లు ‘పూర్తయిన పని’. నిధులు వచ్చాయి, కట్టారు, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్కులో లెక్క ఎక్కింది, బిల్లు చెల్లించారు. డబ్బు ఎక్కడా పోలేదు. కానీ ఎందుకోసం కట్టారో అది జరగలేదు. అది రాసుకోవడానికి ఆ లెక్కల్లో చోటే లేదు. ఊరు ఆర్థికంగా పుంజుకోవాలని పెట్టే ఖర్చు సంగతి ఇవాళ మాట్లాడాలనుకున్నది ఇందుకే.

మన నగరపాలక సంస్థల్లో బడ్జెట్ ఎలా తయారవుతుందో చూడండి. కమిషనర్ అంచనాలు వేయిస్తారు. అవి కొందరు కార్పొరేటర్లుండే స్టాండింగ్ కమిటీకి వెళ్తాయి, అక్కణ్ణుంచి కార్పొరేటర్లందరూ కూర్చునే కౌన్సిల్‌కి. సభ్యుల చేతికి పుస్తకం వస్తుంది. అందులో ప్రతి పద్దుకీ నాలుగు అంకెలు ఉంటాయి. వెనకటి ఏడాది నిజంగా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది. ఈ ఏడాదికి మొదట వేసిన అంచనా. మధ్యలో సవరించిన అంచనా. వచ్చే ఏడాదికి కొత్త అంచనా. మర్నాడు పేపర్లో వచ్చేది ఆఖరి అంకె ఒక్కటే. ఇన్ని వందల కోట్ల బడ్జెట్‌కు ఆమోదం అని హెడ్డింగ్.

నన్నడిగితే ముందు చూడాల్సింది మొదటి కాలమ్. ఉదాహరణకి, మార్కెట్ల అభివృద్ధి అనే పద్దుకి 1 కోటి రాశారనుకుందాం. ఏడాది మధ్యలో అది 40 లక్షలైంది. చివరికి ఖర్చయింది 15 లక్షలే. ఈ మూడు అంకెలూ ఒకే ఏడాది పుస్తకంలో కనపడవు. రెండేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటే బయటపడతాయి. కార్పొరేటర్ ఈ పని చేస్తే చాలు, సభలో అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. నిరుడు 15 లక్షలు కూడా దాటని చోట ఈసారి 2 కోట్లు ఎలా రాశారు? ఏమి మారింది? ఇలా అడగడానికి కేకలు వెయ్యక్కర్లేదు, పోడియం దగ్గరికి వెళ్లక్కర్లేదు. రెండు పుస్తకాలు, ఒక పెన్సిల్ చాలు.

కౌన్సిల్‌కి రాజ్యాంగం అండ కూడా ఉంది. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన అంశాలు 18 ఉన్నాయి. ఆర్థిక, సామాజిక అభివృద్ధి ప్రణాళిక, మురికివాడల బాగు, పేదరిక నిర్మూలన అందులోవే. అప్పగించడం మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. దాంతో పెద్ద డబ్బంతా ఢిల్లీ నుంచో, రాష్ట్రం నుంచో పథకం పేరుతో వస్తోంది. వాననీటి కాలువలకని విజయవాడకు కేంద్రం సుమారు 460 కోట్లు, భూగర్భ డ్రైనేజీకని గుంటూరుకు సుమారు 540 కోట్లు ఇచ్చింది. రెండు చోట్లా పని మధ్యలో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. డ్రైనేజీకీ వ్యాపారానికీ ఏం సంబంధం అంటారేమో. గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్లలో కొట్టు మూసుకునే విజయవాడ వన్‌టౌన్ వ్యాపారిని అడగండి, ఆయన చెబుతారు.

అడిగేవాళ్లే లేని ఏళ్లు కూడా గడిపాం. గుంటూరులో 2010లో పాలకవర్గం గడువు ముగిస్తే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. పదేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన. అంటే అంచనాలు వేసేది అధికారులే, ఆమోదించేది అధికారే. అందులో మంచి అధికారులు లేరని కాదు. కానీ “మా పేటలో ఏమైంది?” అని నిలదీసే గొంతు ఆ గదిలో లేదు.

ఇంగ్లండులో 2000లో వచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టం ఇందుకో దారి వేసింది. నిర్ణయాలు తీసుకునే సభ్యులు వేరు, వాటిని పరిశీలించే కమిటీ వేరు. ఆ కమిటీ బాధ్యుల్ని పిలిచి కూర్చోబెట్టి, చెప్పిందేమిటి, జరిగిందేమిటి అని అడగొచ్చు. అంత దూరం ఎందుకు, కలకత్తా కార్పొరేషన్‌కి చట్టప్రకారమే లెక్కలు చూసే కమిటీ ఉంది. మన దగ్గర స్టాండింగ్ కమిటీ టెండర్లు, మంజూర్లతోనే అలసిపోతుంది. ఫలితాలు చూడ్డానికి ఇంకో కమిటీ కావాలి.

ఫలితం అంటే ఏమిటి? తోపుడు బండ్ల వాళ్లనే తీసుకోండి. 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు అప్పులిచ్చే పీఎం స్వనిధి పథకం మొదలైనప్పుడు మొదటి విడత అప్పు 10,000 రూపాయలు. అది తీర్చినవాళ్లకు రెండో విడత 20,000 ఇచ్చారు. సమావేశాల్లో చెప్పేది ఎందరికి అప్పులిచ్చామన్నది. నేనైతే రెండో విడతకి ఎందరు వచ్చారని అడుగుతాను. వచ్చారంటే బండి నడుస్తోంది, ఇంట్లో పొయ్యి వెలుగుతోంది అని అర్థం. రానివాళ్లు ఎందుకు రాలేదు? వ్యాపారం దెబ్బతిందా, ఊరొదిలి వెళ్లారా, బ్యాంకులో కాగితం ఆగిందా? ఇవి అడగాల్సిన చోటు కూడా ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది బండ్లవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. రోజూ ఎండలో నిలబడే మనిషి ఆ బల్ల దగ్గర కూర్చుంటే గుడ్‌విల్ సంగతి కొట్లు కట్టకముందే తేలేది.

ఆ తొమ్మిది కొట్ల గురించి సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టాను. రుసుము పది రూపాయలు. మూడే ప్రశ్నలు. కట్టడానికి ఎంతయింది, ఇప్పటిదాకా అద్దె ఎంత వచ్చింది, గుడ్‌విల్ మొత్తాన్ని ఏ లెక్కన నిర్ణయించారు. ముప్పై రోజుల గడువు వచ్చే గురువారంతో తీరుతుంది. జవాబు రాగానే రెండు జిరాక్స్ కాపీలు తీయిస్తాను. ఒకటి మా కార్పొరేటర్‌కి. రెండోది ఆ గోంగూర అమ్మే ఆమెకి చదివి వినిపించాలి, తనే అడిగింది.