మోకాలు నొప్పెట్టిన చోటే చెప్పండి

అందరికీ నమస్కారం. అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన మన తెలుగు పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఈ హాల్లో ఉన్నారు కాబట్టి మోకాళ్ల గురించే మాట్లాడతాను. వీపున బరువేసుకుని మైళ్లకు మైళ్లు నడిచినవాళ్లకు, లారీల మీంచి దూకి పనిచేసినవాళ్లకు చిన్న వయసులోనే మోకాళ్లలో గుజ్జు అరిగిపోవచ్చు.

సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి మాజీ సైనికులకు నెలనెలా పరిహారం ఇచ్చే వెటరన్స్ శాఖ, అదే మనం వీఏ అంటున్నది, ఎక్స్‌రేలో ఆర్థరైటిస్ కనబడ్డాక ముఖ్యంగా కొలిచేది కదలికనే. మామూలు మోకాలు 140 డిగ్రీల దాకా వంగుతుంది. 45 దగ్గర ఆగిపోతే 10 శాతం వైకల్యం అని రేటింగ్ ఇస్తారు, 30 దగ్గరైతే 20, 15 దగ్గరైతే 30. ఆ శాతాన్ని బట్టే పరిహారం. కుర్చీలో సరిగ్గా కూర్చోవాలన్నా దాదాపు 90 డిగ్రీలు వంగాలి కదా, మరి కూర్చోలేని స్థితి వస్తేగానీ ఏమీ రాదా అని చాలామంది దిగులుపడి దరఖాస్తే మానేస్తున్నారు. అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది: ఆర్థరైటిస్ ఉన్న కీలు కదిపితే నొప్పెడుతోందని తేలితే, ఎంత వంగినా సరే, ఆ కీలుకు కనీస రేటింగ్ ఇవ్వాలి. మోకాలికి అది 10 శాతం.

అందుకే పరీక్ష గదిలో జరిగేదే కీలకం. డాక్టరు రెండు చేతులున్న కొలబద్దను మోకాలి పక్కన ఆనించి కాలు వంచమంటారు. మనవాళ్లేమో పంటి బిగువున ఓర్చుకుని చివరిదాకా వంచేసి, "ఎలా ఉందండీ?" అంటే "పర్లేదండీ" అంటారు. కాగితం మీద ఆ "పర్లేదు" మాత్రమే మిగులుతుంది. నొప్పి మొదలైన చోటే "ఇక్కణ్నించి నొప్పి" అనండి. మెట్లు దిగేటప్పుడు ఎలా ఉంటుందో, తిరగబెట్టిన రోజున ఎన్ని గంటలు మంచం దిగలేరో చెప్పండి. పరీక్ష రోజున నొప్పి తక్కువగా ఉన్నా, తిరగబెట్టినప్పటి పరిస్థితిని అడిగి అంచనా వేయాల్సిందేనని 2017లో షార్ప్ కేసులో వెటరన్స్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పొద్దు, ఉన్నది మాత్రం దాచొద్దు.

రెండు మోకాళ్లకూ చెరో 10 వస్తే లెక్కలన్నీ అయ్యాక చేతికొచ్చేది 20 శాతమే. కుంటుతూ నడవడం వల్ల రెండో మోకాలో, తుంటో పాడైతే దానికి కూడా అడగొచ్చు.

ఇంకా సర్వీసులో ఉన్న పిల్లలకు ఒక్క మాట. మోకాలు వాచినప్పుడు టెన్షన్ పడకుండా సిక్ కాల్‌కి, అంటే యూనిట్ వైద్యుల దగ్గరికి వెళ్లి రాయించుకోండి. బయటికొచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే, మంజూరైనప్పుడు డిశ్చార్జి మర్నాటి నుంచే లెక్కగడతారు. కాదన్నారని ఉత్తరం వస్తే దాన్ని పక్కన పడేయకండి, అందులోని తేదీ నుంచి ఏడాదిలోపు మళ్లీ చూడమని అడగండి. దరఖాస్తు నింపడానికి గుర్తింపు పొందిన వెటరన్ సంఘాల ప్రతినిధులు ఉచితంగానే సాయం చేస్తారు. మొదటి దరఖాస్తుకే ఫీజు అడిగేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి.