కామ్‌లింక్ రివ్యూ: వెబ్ వర్కర్ల గోల నిజంగా తగ్గిందా?

అందరికీ నమస్కారం. ఈరోజు రివ్యూ ఒక బుల్లి లైబ్రరీ మీద. పేరు కామ్‌లింక్. వెబ్ వర్కర్లు, అంటే పేజీ వెనకాల విడిగా నడిచే జావాస్క్రిప్ట్, వాటిని వాడటం తేలిక చేయడమే దీని పని. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ వాళ్లది, ఓపెన్ సోర్స్. సైజు కిలోబైట్ పైచిలుకు, అంతే.

అసలు దీంతో పనేంటో ముందు చూద్దాం. స్క్రీన్ మీద డెమో పేజీ ఉంది కదా, ఒక పెద్ద ఫొటో ఎక్కించి 'బ్లర్' నొక్కుతున్నాను. చూడండి, పేజీ బిగుసుకుపోయింది. పక్కనున్న బాక్సులో నేను టైప్ చేస్తున్నా ఒక్క అక్షరం పడట్లేదు. తమాషా ఏంటంటే, లోడింగ్ చక్రం మాత్రం హాయిగా తిరుగుతోంది! సీఎస్ఎస్ ట్రాన్స్‌ఫార్మ్‌తో చేసిన యానిమేషన్‌ను బ్రౌజర్ వేరే థ్రెడ్‌లో, అంటే విడిగా పక్కన నడిచే ఇంకో పని వరుసలో, నడిపించగలదు. అందుకే చక్రం తిరుగుతోంది కదా, పేజీ బాగానే ఉందనుకోకండి.

మన జావాస్క్రిప్ట్, క్లిక్కులు, లేఅవుట్ అన్నీ ఒకే మెయిన్ థ్రెడ్ మీద. టిఫిన్ సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చున్నవాడే లోపలికెళ్లి పిండి రుబ్బుతుంటే బయట జనం నిలబడాల్సిందే. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మెయిన్ థ్రెడ్ మీద ఒక పని 50 మిల్లీసెకన్లు దాటితే దాన్ని 'లాంగ్ టాస్క్' అంటారు.

ఫంక్షన్ ముందు ఎసింక్ (జవాబు తర్వాత వస్తుందని చెప్పే జావాస్క్రిప్ట్ పదం) అని రాస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదండీ. ఎసింక్ ఫంక్షన్‌లో రాసిన భారీ లూప్ కూడా అదే మెయిన్ థ్రెడ్ మీద నడుస్తుంది. లెక్క పక్కకు పోవాలంటే వెబ్ వర్కర్ కావాలి. ఇవి 2009 నుంచే బ్రౌజర్లలో ఉన్నాయి. అయినా వాడేవాళ్లు తక్కువ. ఎందుకంటే రాయడం విసుగు. పేజీకీ వర్కర్‌కీ మధ్య మాటలన్నీ మెసేజ్‌లే: పోస్ట్‌మెసేజ్‌తో పంపాలి, అవతల ఆన్‌మెసేజ్‌లో పట్టుకోవాలి, ఏ జవాబు ఏ ప్రశ్నకో నంబర్లు పెట్టి మనమే జతచేయాలి.

కామ్‌లింక్ ఈ చాకిరీ మొత్తం తీసేస్తుంది. వర్కర్ ఫైల్‌లో మన ఫంక్షన్లున్న ఆబ్జెక్ట్‌ని ఎక్స్‌పోజ్ చేస్తాం, పేజీలో ఆ వర్కర్‌ని ర్యాప్ చేస్తాం. ఆ తర్వాత మామూలు ఫంక్షన్‌ని పిలిచినట్టే, ముందు అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగమని) పెట్టి పిలవడమే. అదే ఫొటో మళ్లీ బ్లర్ చేస్తున్నాను. టైపింగ్ చూడండి, ఎక్కడా తడబడట్లేదు. బ్లర్ మాత్రం ముందుకంటే వేగంగా పూర్తి కాదు. పని తగ్గలేదు, చోటు మారింది.

ఇప్పుడు నాకు నచ్చని విషయం. మామూలు ఫంక్షన్‌లా కనిపిస్తుందన్నాను కదా, చిక్కంతా అక్కడే. ప్రతి పిలుపూ లోపల ఒక మెసేజ్. 4000 బై 3000 ఫొటోలో పిక్సెల్‌కొకసారి పిలిచారనుకోండి, కోటీ 20 లక్షల మెసేజ్‌లు! మొత్తం ఫొటో ఒకేసారి ఇచ్చేయండి.

ఇచ్చేటప్పుడూ జాగ్రత్త. పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన ఆ ఫొటో 48 మెగాబైట్లు. ఊరికే పంపితే మొత్తం కాపీ అవుతుంది. కామ్‌లింక్‌లో ట్రాన్స్‌ఫర్ అనే ఫంక్షన్ ఉంది, దాంతో పంపితే కాపీ ఉండదు, ఆ బఫర్ (ఫొటో డేటా ఉన్న మెమరీ ముక్క) యాజమాన్యమే చేతులు మారుతుంది. కన్సోల్‌లో చూపిస్తాను: పంపకముందు బైట్‌లెంగ్త్, అంటే బఫర్‌లోని బైట్ల లెక్క, 4 కోట్ల 80 లక్షలు, పంపాక సున్నా. అంటే ఇక పేజీలో ఆ బఫర్‌ని ముట్టుకోలేం. ఫలితాన్ని వర్కర్ నుంచి తిరిగి పంపేటప్పుడు కూడా ట్రాన్స్‌ఫరే వాడాలి.

ప్రోగ్రెస్ చూపించడానికి వర్కర్‌కి కాల్‌బ్యాక్ (మధ్యమధ్యలో అది తిరిగి పిలవాల్సిన మన ఫంక్షన్) ఇస్తే డేటాక్లోన్ ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఫంక్షన్లు కాపీ కావు. దాన్ని కామ్‌లింక్‌లోని ప్రాక్సీ అనే ఫంక్షన్‌తో చుట్టి ఇవ్వండి. ఇక వర్కర్‌లో డామ్ ఉండదు, అంటే పేజీలోని బటన్లు, బాక్సులను అక్కడి నుంచి నేరుగా ముట్టుకోలేం, అది కామ్‌లింక్ తప్పు కాదు.

మరి వాడొచ్చా? ఫొటో ఎడిటింగ్, పెద్ద సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైళ్ల పార్సింగ్, వేల రికార్డుల్లో సెర్చ్ ఉన్న యాప్ అయితే కళ్లు మూసుకుని వాడండి. యాప్ మొత్తానికి ఒక్క మెసేజ్ పంపి ఒక్క జవాబు తెచ్చుకునేదానికైతే ఉత్త పోస్ట్‌మెసేజ్ చాలు. 5 మిల్లీసెకన్ల పనికైతే వర్కరే దండగ.

క్యాన్సిల్ బటన్ సంగతి కూడా చెప్పాలి. వర్కర్ లూప్‌లో మునిగి ఉంటే మీరు పిలిచే క్యాన్సిల్ ఫంక్షన్ కూడా క్యూలోనే కూర్చుంటుంది, లూప్ అయ్యాకే దాని వంతు. వెంటనే ఆగాలంటే అసలు వర్కర్ మీద టెర్మినేట్ పిలిచి, కొత్త వర్కర్‌ని తెరవండి. డెమోలో క్యాన్సిల్ బటన్ అలాగే రాశాను, కోడ్ డిస్క్రిప్షన్‌లో ఉంది.