వీపు మీద మచ్చ, రిపోర్టులో అంకె

సభకు నమస్కారం.

చెన్నైలో చర్మవైద్యురాలిగా పనిచేస్తూ చాలా ఏళ్లయింది. చూళై నుంచి, పెరంబూరు నుంచి, ప్యారీస్ చుట్టుపక్కల వీధుల నుంచి మన తెలుగువాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఒంటి బాధను ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. భయాన్ని మాత్రం సొంత భాషలోనే చెప్పుకోగలం. ఈ రోజు అలాంటి ఒక భయం గురించి మాట్లాడతాను.

ఆ మధ్య కాగితాల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి భార్యతో కలిసి వచ్చారు. వయసు 56. చొక్కా విప్పి వీపు చూపించారు. ముదురు గోధుమరంగులో, నల్లగా, పది పన్నెండు మచ్చలు. మైనం ముద్దను బొటనవేలితో అద్ది వదిలేసినట్టు, గోటితో గీకితే ఊడి వచ్చేలా ఉన్నాయి. తరవాత ప్లాస్టిక్ కవరులోంచి రిపోర్టు తీశారు. కొడుకు ముచ్చటపడి చేయించిన హెల్త్ ప్యాకేజీ అది. అందులో సీఈఏ అనే పరీక్ష దగ్గర 4.6 అని మందపాటి అక్షరాల్లో ఉంది. ఇలాంటి మచ్చలు లోపలి క్యాన్సర్‌కు గుర్తు కావచ్చని కొడుకు ఎక్కడో చదివాడట. వీపు మీద మచ్చలు, రక్తంలో క్యాన్సర్ అంకె. రెండూ కలిపి చూసుకుని పది రోజులుగా ఆయన సరిగ్గా అన్నం తినలేదట. "డాక్టరమ్మా, దాచకుండా చెప్పండి" అన్నారు.

భూతద్దం లాంటి డెర్మోస్కోపు పెట్టి చూశాను. మచ్చ లోపల తెల్లటి చిన్న గింజలు, అక్కడక్కడ నల్లటి గుంటలు. నువ్వులద్దిన అరిసెను దగ్గరగా చూస్తే ఎలా ఉంటుందో అలా. వీటిని సెబోరిక్ కెరటోసిస్ అంటాం. చర్మం పైపొర కణాలు గుట్టగా పెరగడం వల్ల వస్తాయి. 50 దాటినవారిలో ఇవి లేనివారు తక్కువ. క్యాన్సర్‌గా మారే జాతి కాదు ఇది. మన ఆడవాళ్ల బుగ్గల మీద, కళ్ల కింద మిరియపు గింజల్లా వచ్చే నల్లటి పొక్కులు కూడా వీటి చుట్టాలే. మెడ మీద, చంకల్లో వేలాడే మెత్తటి పులిపిరులు వేరు. అవి ఎక్కువగా కనిపిస్తే, మెడ చుట్టూ చర్మం నల్లబడి మందంగా ఉంటే, ముందు సుగరు పరీక్ష చేయించుకోండి. వాటికి వెంట్రుక కట్టకండి, సున్నం పెట్టకండి. సున్నం కాల్చిన పుండు పులిపిరి కంటే ఎక్కువ కాలం బాధిస్తుంది.

ఇక ఆ అంకె సంగతి. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు సీఈఏ అనే ఈ ప్రోటీన్‌ను కనిపెట్టారు. పెద్దపేగు క్యాన్సర్ కణాలలో దొరికింది కాబట్టి, ఒక రక్తపరీక్షతో ఆ జబ్బును పట్టేయవచ్చని అప్పట్లో ఆశపడ్డారు. ఆ ఆశ నిలవలేదు. కాలేయం దెబ్బతిన్నా, పేగు వాచినా, క్లోమగ్రంథి వాచినా అది పెరుగుతుంది. పొగ తాగేవారిలో ఏ జబ్బూ లేకుండానే పెరుగుతుంది. అందుకే చాలా ల్యాబులు పొగ తాగనివారికి 3 వరకు, తాగేవారికి 5 వరకు మామూలే అని రాస్తాయి. ఆయన రిపోర్టులోనూ కింద సన్నటి అక్షరాల్లో ఆ మాట ఉంది.

"సిగరెట్టు తాగుతారా?" అని అడిగాను. ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ రిపోర్టు వైపు చూస్తోంది. మానేశానని ఇంట్లో చెప్పారట, నాలుగేళ్ల క్రితం. దుకాణంలో రోజుకు ఎనిమిదో పదో నడుస్తూనే ఉన్నాయి. రక్తం తీసిన చోట ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. రిపోర్టు ఇచ్చిన చోటా అడగలేదు. పది రోజుల పస్తులకు కారణం ఆ అడగని ప్రశ్నే. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సీఈఏ లాంటి ఇలాంటి అంకెలను ట్యూమర్ మార్కర్లు అంటాం. అవి పనికిరానివని నేను అనడం లేదు. క్యాన్సర్ ఉందని తేలినవారిలో చికిత్స పనిచేస్తోందా, జబ్బు తిరగబెడుతోందా అని చూడడానికి అవి గొప్ప సాయం. ఏ బాధా లేని మనిషి రక్తంలో వల వేసినప్పుడే చిక్కు వస్తుంది. అండాశయ క్యాన్సర్ కోసం ఆడవాళ్లకు చేసే సీఏ 125 రక్తపరీక్ష చూడండి. 35 లోపు మామూలు అంటారు. నెలసరి సమయంలో, గర్భంతో ఉన్నప్పుడు, గర్భసంచిలో గడ్డలున్నా, కడుపులో క్షయ ఉన్నా అది పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలోనే నూటికి ఒకరికి 35 దాటుతుంది. అంటే వేయి మందికి చేస్తే పది మందికి ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆ వేయి మందిలో అండాశయ క్యాన్సర్ ఉన్నవారు ఒక్కరైనా ఉండకపోవచ్చు. ఇంకో వైపు, తొలిదశ అండాశయ క్యాన్సర్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఈ అంకె మామూలుగానే ఉంటుంది. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా మహిళలతో ఏళ్ల తరబడి ఒక పెద్ద అధ్యయనం చేశారు. ఈ పరీక్షతో, స్కానింగుతో ముందుగా వెతకడం వల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు.

ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ కోసం మగవారికి చేసే పీఎస్ఏ కూడా ప్రోస్టేట్ వాపుతో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో పెరుగుతుంది. ఇంకో చిన్న లెక్క చెబుతాను. ఒక పరీక్షలో ఆరోగ్యవంతులు నూటికి అయిదుగురు హద్దు దాటుతారనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని అలాంటి పరీక్షలు పది కలిపి చేస్తే, ఏదో ఒకటి హద్దు దాటే అవకాశం నూటికి 40. ప్యాకేజీ ఎంత పెద్దదైతే భయం అంత పెద్దది.

చర్మవైద్యురాలిగా రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్‌సీసీ యాంటిజెన్ అనే మార్కర్ సోరియాసిస్, ఎగ్జిమా ఉన్నవారిలో క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. చర్మ వ్యాధి ఉంటే రిపోర్టు చూసే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. రెండోది, జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ మాత్ర. ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని రక్తపరీక్షలను తారుమారు చేస్తుంది, ఉన్నదాన్ని లేనట్టుగా కూడా చూపించగలదు. రక్తం ఇచ్చే ముందు ఎన్ని రోజులు ఆపాలో అడగండి.

ఆయన కొడుకు చదివిన మాట పూర్తిగా తప్పు కాదు. కొద్ది వారాల్లో ఒక్కసారిగా ఒళ్లంతా ఇలాంటి మచ్చలు దురదతో పుట్టుకొస్తే, లోపల కడుపు క్యాన్సర్ లాంటిది ఉందేమో చూడమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లెసెర్-ట్రెలా సంకేతం అని దానికి పేరు. అది చాలా అరుదు. దాని మీద వైద్యుల్లోనే వాదన ఉంది. ఈయనకు మచ్చలు పదేళ్లుగా ఒకటొకటిగా వచ్చాయి. భార్య గుర్తుచేసింది: మొదటిది అమ్మాయి పెళ్లి నాటికే ఉందని.

వెంటనే చూపించుకోవలసినవి వేరే ఉన్నాయి. మన చర్మపు రంగు ఉన్నవారిలో మెలనోమా అనే ప్రమాదకరమైన క్యాన్సర్ తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. మనం చూసుకోని చోట్లు అవే. అరికాలిలో కొత్త నల్లమచ్చ, గోటి కింద వెడల్పవుతున్న నల్లగీత, నెల దాటినా మానని పుండు, పాత కాలిన మచ్చ మీద లేచిన కండ, రక్తం కారే పుట్టుమచ్చ. వీటికి రక్తపరీక్షతో పని లేదు. కళ్లతో చూడాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఈ ఊళ్లోనే, అడయారులో, ముత్తులక్ష్మి రెడ్డి 1954లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. చెల్లెలిని క్యాన్సర్‌తో పోగొట్టుకున్న దుఃఖం ఆమె చేత ఆ పని చేయించింది. అలాంటి చోటు ఉన్న ఊళ్లో అరికాలి మచ్చను ఆరు నెలలు దాచుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

ఆ పెద్దమనిషికి ఆకలి, బరువు, విరేచనంలో మార్పు, రక్తం, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా, అన్నీ అడిగాను. ఏమీ లేవు. సిగరెట్టు మానేయమని, రెండు నెలల తరవాత అదే ల్యాబులో మళ్లీ సీఈఏ చేయించమని చెప్పాను. వేర్వేరు ల్యాబుల పద్ధతులు వేరు, అంకెలు పోల్చకూడదు. పెరుగుతూ పోతే పేగు డాక్టరు దగ్గరికి పంపుదామనుకున్నాను. రెండో రిపోర్టులో 3.1 ఉంది. ఈసారి కవరు ఆవిడ చేతిలో ఉంది.

మచ్చలు తీసేయమంటారా అని అడిగారు. ద్రవ నైట్రోజన్‌తో తీయవచ్చు, కాని మన చర్మం మీద కొన్ని నెలలు తెల్లమచ్చ మిగలవచ్చు అన్నాను. ఇద్దరూ కాసేపు ఆలోచించుకున్నారు. చొక్కా లోపల ఉండేవే కదా, ఉండనివ్వండి అని ఆవిడే అంది.

ఇక మీ చీటీలు ఇటు పంపండి, ఒక్కొక్కటే చదువుతాను.