బహ్రెయిన్ కోట అంటే పోర్చుగీసు కోట ఒక్కటేనా?

"ఏముందండీ అక్కడ, పాత పోర్చుగీసు కోట. పది నిమిషాల్లో అయిపోతుంది." బహ్రెయిన్‌లో ఉంటున్న మనవాళ్లను కలాత్ అల్ బహ్రెయిన్, అంటే బహ్రెయిన్ కోట గురించి అడిగితే చాలామంది ఇదే మాట అంటారు. శుక్రవారం సాయంత్రం వెళ్లడం, బురుజు దగ్గర ఫొటో దిగడం, అటునుంచి అటే మాల్‌కి పోవడం. వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

పోర్చుగీసు వాళ్లు ఈ దీవికి వచ్చింది 1521లో. 1602కల్లా వెళ్లిపోయారు. కోట కూడా మొత్తం వాళ్లు కట్టింది కాదు, అంతకుముందే ఉన్నదాన్ని పెంచి, గట్టి చేశారు. ఎనభై ఏళ్లు ఉన్నవాళ్ల పేరు నాలుగు వేల ఏళ్ల చోటికి అతుక్కుపోయింది!

[స్క్రీన్ మీద: దిబ్బ అడ్డుకోత బొమ్మ]

మన ఊళ్లలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తారు కదా. అలా నాలుగైదుసార్లు వేసేసరికి ఇంటి గడప రోడ్డు కంటే కిందికి పోతుంది. ఇక్కడ జరిగిందీ అదే. కోట ఉన్నది కొండ మీద కాదు, పాటిదిబ్బ మీద. ఇల్లు కూలితే ఆ మట్టినే చదును చేసి పైన ఇంకో ఇల్లు కట్టుకున్నారు. సుమారు క్రీ.పూ. 2300 నుంచి క్రీ.శ. 16వ శతాబ్దం దాకా ఇదే తంతు. దిబ్బ 12 మీటర్ల ఎత్తుకు లేచింది. మీరు ఫొటో దిగేది అన్నిటికంటే పైన వేసిన రోడ్డు మీద అన్నమాట.

1954 నుంచి డెన్మార్క్ పురావస్తు బృందం ఇక్కడ తవ్వింది. అట్టడుగు రోడ్డు దిల్మున్ కాలానిది. దిల్మున్ అంటే ఈ దీవి కేంద్రంగా వెలిసిన పాతకాలపు వర్తక నాగరికత. ఒమన్ వైపు రాగి ఇరాక్ వైపు నగరాలకు చేరాలంటే ఈ దీవి మీదుగానే. ఇక్కడ దొరికిన తూకపు రాళ్లు సింధు నాగరికత తూకాలకు సరిపోయాయి. ఈ గల్ఫ్ రకం ముద్ర ఒకటి గుజరాత్‌లోని లోథల్‌లో బయటపడింది. ఇండియాతో ఈ దీవి రాకపోకలు చమురుతో మొదలయ్యాయనుకునేవాళ్లకు ఈ రెండూ చూపించండి.

దాని పై రోడ్డులో నాకు బాగా నచ్చింది మద్బసా. ఖర్జూరం పాకం తీసే గది. నేలంతా వరసగా సన్నని కాలవలు. ఖర్జూరాల సంచులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆ బరువుకే రసం ఊరి, కాలవల్లోంచి జారి, మూలన పాతిన కుండలో పడుతుంది. నిప్పు అక్కర్లేదు, గానుగ అక్కర్లేదు.

ఇంకా పైకి వస్తే, గచ్చు కింద పూడ్చిన మట్టి గిన్నెల్లో పాము ఎముకలు! వెంటనే నాగులచవితి అని కామెంట్లు పెట్టకండి, రెంటికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు.

ఇవన్నీ అర్థం కావాలంటే కోటకంటే ముందు పక్కనే ఉన్న మ్యూజియంలోకి వెళ్లండి. లోపల దిబ్బ పొరలన్నీ కింది నుంచి పైదాకా ఒకే గోడ మీద చూపిస్తారు. జనం ఇది వదిలేసి బురుజు వైపు పరిగెడతారు, అదే నా బాధ.

టైమ్ అయిపోతోంది, దీవిలో చూడాల్సిన మిగతా చోట్లు గబగబా. బర్బర్: ఇదీ రోడ్డు మీద రోడ్డే, ఒకదాని మీద ఒకటి మూడు గుళ్లు, మెట్లు దిగితే ఊట బావి. ఆలీ: దిల్మున్ కాలపు పెద్ద సమాధి దిబ్బలు, కొన్ని ఇళ్ల మధ్యలోనే. దీవి మొత్తమ్మీద ఇలాంటి 11,774 దిబ్బలకు 2019లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ముహర్రఖ్: ముత్యాల వర్తకుల పాత ఇళ్ల మధ్య మూడున్నర కిలోమీటర్ల నడక, ఎండ దిగాక బాగుంటుంది.

ఒక్క పూటే ఖాళీ ఉంటే ఆలీ, ముహర్రఖ్ ఇంకో వారానికి పెట్టుకోండి. మ్యూజియం, కోట, బర్బర్ మూడూ ఉత్తరం వైపే. మే నుంచి సెప్టెంబరు దాకా మాత్రం మధ్యాహ్నం వెళ్లకండి, దిబ్బ మీద నీడ ఉండదు.